రాగి రైతు పాలీహౌస్ వేయాలంటే ముందు వేసుకోవాల్సిన కిలో లెక్క

తమ్ముడూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. కోలారు జిల్లా శ్రీనివాసపుర దగ్గర మూడెకరాలు, రాగి వేస్తారు, ఒక బోరు, రెండు ఆవులు. బెంగళూరులో ఉద్యోగం మానేసి వచ్చి, ఇరవై గుంటల్లో, అంటే అరెకరంలో, పాలీహౌస్ (ప్లాస్టిక్ షీటు కప్పిన షెడ్డు) వేసి ఎరుపు, పసుపు క్యాప్సికమ్ పెట్టాలని మీ ఆలోచన. షెడ్డు కట్టే కాంట్రాక్టరు ఎకరానికి ఏడాదికి పది లక్షలు మిగులుతాయని కాగితం మీద రాసిచ్చాడు. మీ నాన్నగారేమో "రాగి మనల్ని ఎప్పుడూ అప్పులపాలు చేయలేదు" అంటున్నారు. ఎవరి మాట వినాలి అని అడిగారు.

నేను హోసకోట తాలూకాలో 2013 నుంచి పాలీహౌస్ నడుపుతున్నాను. మాదీ మీలాగే ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం మాట్లాడే కుటుంబం. మొదట ఎకరం వేశాను, పూర్తిగా అప్పుతో. ఇప్పుడు ఇరవై గుంటల షెడ్డు ఒకటి, పక్కనే రెండెకరాల రాగి. అంటే నేను రాగి నుంచి కూరగాయలకు వెళ్లి, మళ్లీ సగం దూరం వెనక్కి వచ్చినవాణ్ని. ఎందుకు వచ్చానో చెబితే మీకు పనికొస్తుందని కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు మీ నాన్నగారి రాగి లెక్క చూద్దాం. వానాధారంగా మంచి ఏడాదిలో ఎకరానికి పది క్వింటాళ్లు అనుకుందాం. జీపీయూ-28, ఎంఆర్-6, ఎంఎల్-365 లాంటి రకాలతో మన ఎర్రనేలల్లో అది అందే దిగుబడే. దున్నకం, విత్తనం, ఎరువు, కలుపు, కోత, నూర్పిడి కలిపి నాకు ఎకరానికి పదహారు నుంచి పద్దెనిమిది వేలు అవుతుంది. 2025-26కి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 4,886 రూపాయలు. 2013-14లో, నేను షెడ్డు వేసిన ఏడాది, అదే ధర 1,500. అప్పట్లో రాగిని వదిలి పారిపోవడానికి కారణం ఉంది. ఈరోజు ఆ కారణం అంత బలంగా లేదు. ఫ్రూట్స్ ఐడీ (కర్ణాటక ప్రభుత్వం రైతుకు ఇచ్చే గుర్తింపు నంబరు) ఉండి, కొనుగోలు కేంద్రంలో ముందుగా పేరు రాయించుకుని ఆ ధరకు అమ్మగలిగితే ఎకరానికి ముప్పై వేల దాకా మిగులుతుంది. బయట వ్యాపారికి అమ్మితే తగ్గుతుంది. గడ్డి వేరే. రెండు ఆవులున్న ఇంటికి రాగి గడ్డి విలువ చాలామంది లెక్కలో రాయరు. వేసవిలో గడ్డి కొనాల్సి వచ్చిన ఏడాది అది తెలుస్తుంది.

అంటే ఇరవై గుంటల రాగిలో మీకు మిగిలేది పదిహేను వేలు. కాంట్రాక్టరు లెక్క ప్రకారం అదే ఇరవై గుంటల పాలీహౌస్‌లో ఐదు లక్షలు. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెడితే ఎవరికైనా రాగి చిన్నచూపే అవుతుంది. నేనూ అలాగే చూశాను. కానీ ఆ రెండింటి వెనక ఎంత డబ్బు నిలబడి ఉందో ఆ కాగితంలో ఉండదు. రాగిలో వాన రాకపోతే పోయేది ఎనిమిది, తొమ్మిది వేలు. పాలీహౌస్‌లో పంట పోయినా, ధర పోయినా, బ్యాంకు వాయిదా మాత్రం నెల నెలా వస్తూనే ఉంటుంది. అందుకే ఎకరానికి ఎంత మిగులుతుంది అని అడగడం మానేసి, ఒక కిలో పండించడానికి నాకు ఎంత పడుతోంది అని అడగండి. ఆ అంకెను మార్కెట్లో మంచి రోజు ధరతో పోల్చకండి, చెడ్డ రోజుల ధరతో పోల్చండి. నేను చెప్పదలచుకున్నదంతా ఇదే. మిగిలినవన్నీ ఆ అంకె ఎలా వస్తుందో చెప్పే వివరాలు.

ఇరవై గుంటలంటే సుమారు 2,000 చదరపు మీటర్లు. ఈరోజు మంచి జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపు, ఎండను తట్టుకునే 200 మైక్రాన్ల యూవీ షీటు, పురుగులు రాకుండా 40 మెష్ నెట్, డ్రిప్పు, మంచులా నీళ్లు చల్లే ఫాగర్లు అన్నీ కలిపి చదరపు మీటరుకు 1,150 వేసుకోండి. 23 లక్షలు. సబ్సిడీ 50 శాతం కాబట్టి సగం వస్తుందని మీరు రాశారు. అక్కడే మొదటి పొరపాటు. సబ్సిడీ మీకు అయిన ఖర్చు మీద ఇవ్వరు, ప్రభుత్వం నిర్ణయించిన యూనిట్ ధర మీద ఇస్తారు. కేంద్ర ఉద్యాన మిషన్ 2014 నిబంధనల్లో ఈ సైజు షెడ్డుకు ఆ ధర చదరపు మీటరుకు 890 రూపాయలు. ఆ లెక్కన 17.8 లక్షలు, అందులో సగం 8.9 లక్షలు. అంటే మీ అసలు ఖర్చులో 39 శాతం కూడా లేదు. 2025లో నిబంధనలు సవరించారు కాబట్టి, ఇప్పుడు నడుస్తున్న రేటు, ఎన్ని చదరపు మీటర్ల దాకా ఇస్తారన్నది మీ తాలూకా ఉద్యాన శాఖ ఆఫీసులో రాతపూర్వకంగా తీసుకోండి. పద్ధతి మాత్రం అదే. ఇంకోటి, ఆ డబ్బు షెడ్డు కట్టి, తనిఖీ అయ్యాక వస్తుంది. నాకు పదకొండు నెలలు పట్టింది. ఆ పదకొండు నెలల వడ్డీ నాదే.

సరే, సబ్సిడీ వచ్చాక మీ వాటా 14.1 లక్షలు. మోటారు, ఫిల్టరు, మందులు పెట్టుకునే గది కలిపి 15 లక్షల అప్పు అనుకుందాం. ఏడేళ్లకు, 11 శాతం వడ్డీకి నెల వాయిదా దాదాపు 25,700. ఏడాదికి 3.08 లక్షలు. షీటు మూడేళ్లకోసారి మార్చాలి. ఎండకు మబ్బేసినట్టయి వెలుతురు తగ్గిపోతుంది, ఆ తర్వాత చిరుగుతుంది. కూలీతో కలిపి నాకు పోయినసారి లక్షన్నర అయింది. అంటే ఏడాదికి యాభై వేలు పక్కన పెట్టాలి. వాయిదా, షీటు కలిపి 3.58 లక్షలు. ఇది మొక్క నాటకముందే మీ నెత్తిన ఉన్న ఖర్చు.

ఇక పంట ఖర్చు. చదరపు మీటరుకు మూడు మొక్కల చొప్పున ఆరు వేల నారు, ఒక్కోటి పది రూపాయలు, అరవై వేలు. బెడ్లు, పశువుల ఎరువు, వేప పిండి అరవై వేలు. డ్రిప్పులో ఇచ్చే ఎరువులు ఎనభై వేలు. మందులు డెబ్బై వేలు. తీగ, ప్లాస్టిక్ దారం ఇరవై వేలు. షెడ్డు దగ్గరే ఉండి పనిచేసే భార్యాభర్తలకు నెలకు 24,000, పది నెలలకు 2.4 లక్షలు. కోతలప్పుడు అదనపు కూలీలకు నలభై వేలు. క్రేట్లు, టెంపో బాడుగ నలభై వేలు. మొత్తం 6.1 లక్షలు.

దిగుబడి చదరపు మీటరుకు ఎనిమిది కిలోలు వేసుకోండి, 16 టన్నులు. పది కిలోలు తీసేవాళ్లు ఉన్నారు, మొదటి పంటకు నాకూ వచ్చింది. కానీ ఆ అంకెతో అప్పు చేయకండి.

ఇప్పుడు భాగించండి. పంట ఖర్చు మాత్రమే చూస్తే కిలోకు 38 రూపాయలు. వాయిదా, షీటు కలిపితే 9.68 లక్షలు, కిలోకు 60 రూపాయల 50 పైసలు. కూలీ జంటను పెట్టుకోకుండా మీ ఇంట్లో ఇద్దరు రోజంతా షెడ్డులోనే పనిచేస్తే 2.4 లక్షలు తగ్గి కిలోకు 45 రూపాయల 50 పైసలు. ఈ మూడు అంకెలు గోడ మీద రాసుకోండి.

60 రూపాయలంటే మండీలో 60 పలికితే చాలని కాదు. కోసిన కాయలో నా అనుభవంలో పదికి ఏడు మాత్రమే మొదటి రకం. మిగిలింది చిన్న కాయ, వంకర కాయ, రంగు సగమే తిరిగిన కాయ. అది సగం ధరకు పోతుంది. కాబట్టి సగటున 60 రావాలంటే మొదటి రకం 71 పలకాలి. కమీషన్ ఏ పేరుతో కోసినా అది ఇంకా పైన. ఏడాది సగటున 71 పైన పలికే పంటను చేతిలో పెట్టుకుని, అందులోంచి లాభం చూడాలన్నమాట. నేను మొదటి రకాన్ని బెంగళూరు కళాసిపాళ్యం మార్కెట్లో 140కి అమ్మాను, 22కి కూడా అమ్మాను, రెండూ ఒకే ఏడాదిలో. కాంట్రాక్టరు కాగితంలో 140కి దగ్గరి ధర ఒక్కటే ఉంటుంది, పైగా పండిన కాయంతా మొదటి రకమే అన్నట్టు ఉంటుంది.

మరి ఇన్ని షెడ్లు మన చుట్టూ ఎందుకు లేచాయి? కారణాలు నిజమైనవే. బెంగళూరు దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది. కోలారు, చిక్కబళ్లాపుర వైపు కూడా ఎత్తైన ప్రాంతమే. ఎండాకాలంలో కూడా రాత్రి చల్లబడుతుంది. అందుకని ఫ్యాన్లు, తడి ప్యాడ్లు లేకుండా గాలి వచ్చిపోయే మామూలు షెడ్డులోనే క్యాప్సికమ్ కాపు నిలుస్తుంది. అదే షెడ్డును దిగువన నెల్లూరు వైపు వేస్తే పూత రాలిపోతుంది. తెలుగునాట దీనికి బెంగళూరు మిర్చి అని పేరు పడిందంటే ఊరికే పడలేదు. కోటికి పైగా జనం ఉన్న ఊరు గంటన్నర, రెండు గంటల దూరంలో ఉంది. హేసరఘట్టలో భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఉంది, వెళ్లి అడిగితే చెప్పేవాళ్లు ఉన్నారు. కర్ణాటకలో 10 హెచ్‌పీ దాకా వ్యవసాయ పంపుసెట్లకు కరెంటు ఉచితం. కాబట్టి పని పనికిరానిది అని నేను అనడం లేదు. పన్నెండేళ్లుగా దాని మీదే బతుకుతున్నాను. ఎవరు వేయాలి, ఎంత వేయాలి అన్నదే ప్రశ్న.

నీళ్ల దగ్గరికి వద్దాం, మీ విషయంలో నాకు ఎక్కువ టెన్షన్ అదే. మీ బోరు ఎన్ని అడుగులో మీరు రాయలేదు. కోలారు జిల్లా తాలూకాలన్నీ ఏళ్లుగా భూగర్భ జలాలు మితిమీరి తోడేసిన జాబితాలో ఉన్నాయి. వెయ్యి అడుగులు దాటిన బోర్లు మీకు నేను చెప్పాల్సిన పని లేదు. 2018 నుంచి కేసీ వ్యాలీ పథకంలో బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి కోలారు చెరువులకు వదులుతున్నారు. ఆ చెరువుల చుట్టుపక్కల కొన్ని బోర్లలో నీళ్లు పెరిగాయి. మీ పొలం ఆ వరసలో ఉందో లేదో చూడండి. ఉన్నా సరే, నీళ్ల పరీక్ష చేయించకుండా ఒక్క పైపు కూడా పాతకండి. లోతు బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. క్యాప్సికమ్ ఉప్పును ఓర్చుకునే పంట కాదు. రిపోర్టులో ఈసీ (నీళ్లలో ఉప్పు ఎంతుందో చెప్పే అంకె) 1 దాటితే దిగుబడి తగ్గడం మొదలవుతుంది. రాగి అలా కాదు, కొంచెం ఉప్పు నీళ్లకు వెరవదు. బైకార్బనేట్లు ఎక్కువుంటే డ్రిప్పు రంధ్రాలు సున్నం పట్టి పూడిపోతాయి, అది వారం వారం యాసిడ్‌తో కడిగే పని.

దీనికి ఒక దారి ఉంది, అది చాలామంది వదిలేస్తున్నారు. మీ షెడ్డు కప్పే చెరువుకు నీళ్లు చేర్చే పరీవాహక ప్రాంతం లాంటిది. మన జిల్లాల్లో ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్ల వాన అనుకోండి. 2,000 చదరపు మీటర్ల కప్పు మీద పడేది 14 లక్షల లీటర్లు. గట్టర్లు సరిగ్గా పెడితే అందులో ముప్పాతిక, పదిన్నర లక్షల లీటర్లు దొరుకుతుంది. ఆ షెడ్డులో క్యాప్సికమ్‌కు సగటున రోజుకు 4,000 లీటర్లు చాలు, పది నెలలకు 12 లక్షల లీటర్లు. అంటే పంట తాగే నీళ్లలో పెద్ద భాగం ఆ కప్పే ఇస్తుంది, అదీ ఉప్పు లేని నీళ్లు. ఆవిరి పోగా కొంత తగ్గుతుంది, అయినా బోరు నీళ్లలో కలిపి వాడితే ఈసీ దిగిపోతుంది. ఐదారు లక్షల లీటర్లు పట్టే కుంట తవ్వి షీటు పరిచి, పైన నెట్ కప్పండి. కన్నడంలో కృషి హొండ అంటారు, కృషి భాగ్య పథకంలో దానికి సాయం ఉంది. చుట్టూ కంచె తప్పనిసరి, షీటు జారుడుకు పిల్లలు, దూడలు పైకి ఎక్కలేవు. నేను కుంట తవ్వింది ఐదో ఏడాది. ముందే తవ్వి ఉంటే రెండు కొత్త బోర్ల డబ్బు మిగిలేది. రెండూ ఎండుబోర్లే అయ్యాయి.

షెడ్డు లోపలి పని గురించి కూడా చెప్పాలి. ఉద్యోగం చేసినవాళ్లకు ఇది ఆటోమేటిక్‌గా నడిచే ఫ్యాక్టరీలా కనిపిస్తుంది. మొక్క నాటిన ఇరవై రోజులకు కొమ్మ చీలే చోట మొదటి మొగ్గ వస్తుంది. దాన్ని గిల్లేయాలి. వదిలేస్తే ఆ ఒక్క కాయ మొక్క బలమంతా లాక్కుని, మొక్క ఎదగదు. తర్వాత మొక్కకు రెండు కొమ్మలు ఉంచి, ఒక్కో కొమ్మకు ఒక దారం పైతీగకు కట్టాలి. వారానికోసారి కొమ్మను దారం చుట్టూ తిప్పాలి, పక్క చిగుళ్లు తీయాలి. ఆరు వేల మొక్కలు, పన్నెండు వేల దారాలు. ఒక వారం పెళ్లికి వెళ్లి వస్తే కొమ్మలు వంగి, తిప్పబోతే విరుగుతాయి. మా ఆవిడ ఉదయం షెడ్డులోకి వెళ్లగానే తెల్ల కాగితం ఒకటి పట్టుకుంటుంది. పది చోట్ల పూవును కాగితం మీద తడుతుంది. సన్నగా, దారప్పోగు తుంపులా కదిలే తామర పురుగులు రాలుతాయి. పూవుకు రెండు మూడు కనిపిస్తే ఆరోజే మందు. రేపు చూద్దాం అంటే పదో రోజుకు కాయ మీద గీతలు పడి అది రెండో రకంలోకి పోతుంది. మొదటి రకం పదికి ఏడు అన్నానే, ఆ ఏడు ఆ కాగితం వల్లే వస్తోంది. కూలీ జంట మీద వదిలేసిన ఏడాది పదికి ఐదు వచ్చింది.

ఆ జంటలు దొరకడం కూడా తేలిక కాదు. మన ఊళ్ల పిల్లలు నరసాపుర, వేమగల్ ఫ్యాక్టరీలకు వెళ్తున్నారు. బస్సు ఇంటి దగ్గరికే వస్తుంది, నెల జీతం. షెడ్డు లోపలి ఉక్కకు ఎందుకు వస్తారు? ఒడిశా, బిహార్ నుంచి వచ్చినవాళ్లే ఆధారం. పండగకు ఊరికి వెళ్లి తిరిగి రాకపోతే పంట మధ్యలో మనమే దిగాలి. అందుకే 60కి, 45కి మధ్య తేడా చూడమన్నాను. ఆ పదిహేను రూపాయలు మీ ఇంట్లోవాళ్ల కష్టం. చిన్న షెడ్డులో లాభం అని మనం అనుకునేది చాలావరకు మన కూలీయే. ఇంట్లో ఇద్దరు మనస్ఫూర్తిగా దిగుతారా, మీ ఆవిడకు ఇష్టమేనా, అది కాంట్రాక్టరుతో మాట్లాడకముందు ఇంట్లో మాట్లాడుకోవాల్సిన సంగతి.

మూడో పంట నుంచి నేల మారుతుంది. వానకు తడవని, బీడు పెట్టని నేలలో ఏడాదంతా ఒకే రకం పంట. నులిపురుగులు చేరతాయి. మొక్క పైకి పచ్చగానే ఉండి మధ్యాహ్నం వాడుతుంది. పీకి చూస్తే వేరంతా ఉలవగింజల్లా బుడిపెలు. నా నాలుగో పంటకు దిగుబడి చదరపు మీటరుకు ఐదు కిలోలకు పడింది. పైన వేసిన లెక్కలో 16 టన్నులకు బదులు పది టన్నులు పెట్టి భాగించి చూడండి, కిలోకు 97 అవుతుంది. ఇప్పుడు నేను పంట తీసేశాక ఏప్రిల్, మే నెలల్లో బెడ్లు తడిపి పారదర్శక షీటు కప్పి ఎండకు ఉడకనిస్తాను. వేప పిండిలో ట్రైకోడెర్మా, పెసిలోమైసిస్ అనే మేలు చేసే శిలీంధ్రాలు పెంచి వేస్తాను. ఒక పంట మధ్యలో బంతి, కొత్తిమీర వేసి నేలకు గ్యాప్ ఇస్తాను. ఆ గ్యాప్‌లో వాయిదా మాత్రం ఆగదు, దాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి.

నా దెబ్బలు రెండు చెబుతాను. 2015 మే నెలలో ఒక సాయంత్రం. పగలంతా ఉక్క, పడమట నల్లగా కమ్మింది. గాలివాన వస్తుందని తెలిస్తే పక్క కర్టెన్లు దించి గట్టిగా కట్టాలి. లోపల గాలి దూరితే షెడ్డు గొడుగులా లేస్తుంది. ఆరోజు నేను మండీలో ఉన్నాను. కూలీలు రెండు వైపులు దించారు, మూడో వైపు తాడు చిక్కుపడింది. పది నిమిషాల గాలి. వచ్చి చూస్తే పడమటి రెండు అంకణాల షీటు చిరిగి మామిడి చెట్ల మీద వేలాడుతోంది, ఏడెనిమిది పైపులు వంగాయి. అప్పుడు కొలిస్తే కాంట్రాక్టరు ఒప్పుకున్న మందం కన్నా తక్కువ మందం పైపు వేశాడని తేలింది. బిల్లులో ఒకటి, పొలంలో ఒకటి. కాబట్టి మీరు పైపు దిగిన రోజే వెర్నియర్‌తో మందం కొలవండి, తూకం వేయించండి, పునాది గుంటల లోతు ఫొటోలు తీసుకోండి. షెడ్డుకు విడిగా ఇన్సూరెన్స్ చేయించండి. అది బ్యాంకు అడిగిందని ఒక్క ఏడాదికి కట్టి వదిలేసేది కాదు.

రెండోది 2020 మార్చి. ఎరుపు, పసుపు క్యాప్సికమ్ ఇంటి కూర కాదు. హోటళ్లు, పెళ్లిళ్లు, పిజ్జా అంగళ్లు, పెద్ద సూపర్‌మార్కెట్లు కొంటాయి. లాక్‌డౌన్ పెట్టిన వారంలో అవన్నీ మూతపడ్డాయి. నా షెడ్డులో కోతకు వచ్చిన కాయ మూడు టన్నులు. నెలంతా కోసి ఆవులకు వేశాం, కోయకపోతే మొక్క మీదే ముదిరి తర్వాతి కాపు ఆగిపోతుంది కాబట్టి కోత కూలీ కూడా పెట్టాలి. ఆ వేసవి మా ఇల్లు నడిచింది గాదెలో ఉన్న రాగులతో, పాల డబ్బుతో. పాలు మాత్రం డెయిరీ రోజూ తీసుకుంది. ఆ ఏడాదే షెడ్డు సగానికి తగ్గించి, ఖాళీ అయిన చోట మళ్లీ రాగి చల్లాను. మీ నాన్నగారి మాటలో ఉన్నది ఇదే. దాన్ని పాతకాలపు భయం అనుకోకండి.

అమ్మకం గురించి కూడా ఒక మాట. పాలీహౌస్‌లో టమాటా వేయొచ్చా అని కొందరు అడుగుతారు. వద్దు. కోలారు మార్కెట్‌కు వచ్చే ఆరుబయటి టమాటాయే ధర నిర్ణయిస్తుంది. 2023 జులైలో 15 కిలోల బాక్సు రెండు వేలు దాటింది నిజమే. రోడ్డు పక్కన పారబోసిన ఏళ్లూ మీరు చూశారు. ఆరుబయట తక్కువ ఖర్చుతో పండేదాన్ని ఎక్కువ ఖర్చుతో కప్పు కింద పండించి గెలవలేం. ఆరుబయట ఆ నాణ్యత రానిదే షెడ్డులో వేయాలి. రంగు క్యాప్సికమ్ తర్వాత విత్తనం లేని ఇంగ్లీషు దోస నయం. మూడు నెలల పంట, డబ్బు త్వరగా తిరుగుతుంది, కానీ కొనేవాళ్లు ఇంకా తక్కువ. ఒకే కొనుగోలుదారును నమ్ముకోకండి. సూపర్‌మార్కెట్ల కోసం సరుకు కొనే ఒక పెద్ద కలెక్షన్ సెంటర్‌కు నేను ఎనిమిది నెలలు ఇచ్చాను. ధర బాగానే ఉండేది. ధర పడిన వారంలో మాత్రం సైజు తేడా అని క్రేట్లు వెనక్కి వచ్చేవి. ఉదయం పదకొండుకు వెనక్కి వచ్చిన సరుకుకు మండీలో వేలం అయిపోయి ఉంటుంది. అప్పటినుంచి సగం మండీకి, పావు సెంటర్లకు, పావు నేరుగా రెండు హోటళ్లకు ఇస్తున్నాను.

ధరల సంగతి నా నోటి మాట మీద కూడా నమ్మకండి. కర్ణాటక ప్రభుత్వ కృషి మారట వాహిని వెబ్‌సైట్‌లో రోజువారీ మండీ ధరలు ఉంటాయి. మూడేళ్లవి తీయండి. రంగు క్యాప్సికమ్‌కు విడిగా ధర దొరకకపోతే, షెడ్డు ఉన్న ఇద్దరు ముగ్గురు రైతుల దగ్గరికి వెళ్లి వాళ్ల పట్టీలు (మండీలో అమ్మినప్పుడు ఇచ్చే చీటీలు) చూపించమని అడగండి. అడిగితే చూపిస్తారు. ప్రతి ఏడాదిలో అతి తక్కువ పలికిన మూడు నెలలు గుర్తు పెట్టి, ఆ నెలల్లో మీ వాయిదా ఎక్కడి నుంచి కడతారో రాసుకోండి. ఆరు నెలల వాయిదా, అంటే లక్షన్నర, చేతిలో విడిగా ఉంటేనే దిగండి.

మీ స్థానంలో నేనుంటే ఇలా చేస్తాను. రెండున్నర ఎకరాల రాగి అలాగే ఉంచుతాను. ఉద్యోగం వెంటనే మానను. ఐదు గుంటల్లో షేడ్‌నెట్ వేసి, సొంత డబ్బుతో, మన ప్రాంతంలో ఎప్పుడూ గిరాకీ ఉండే టమాటా, మిర్చి నారు ఆర్డర్ మీద పెంచుతాను. ఖర్చు పాలీహౌస్ కన్నా బాగా తక్కువ, నారు నెల రోజుల్లో డబ్బవుతుంది, ముందే అడ్వాన్సు వస్తుంది. ఏడాదిన్నర అలా నడిపితే డ్రిప్పు ఎరువులు, పురుగు కన్నుకు చిక్కడం, కూలీలతో పని, చుట్టుపక్కల రైతుల నమ్మకం అన్నీ చేతికి వస్తాయి. అప్పుడు కుంట తవ్వి, పది గుంటల పాలీహౌస్‌తో మొదలుపెడతాను. పది గుంటలు ఇద్దరు ఇంటివాళ్లు చూసుకోగల సైజు, కూలీ జంట అవసరం రాదు. చిన్న షెడ్డుకు చదరపు మీటరు ఖర్చు కొంచెం ఎక్కువే, కానీ వాయిదా ఒక నెల జీతంతోనో, పాల డబ్బుతోనో కట్టగలిగేంత ఉంటుంది. అది నాకు ముఖ్యం. మల్బరీ వేసి శిడ్లఘట్ట మార్కెట్‌కు పట్టుగూళ్లు అమ్మే దారి కూడా మీకు ఉంది. దాని లెక్క వేరు, నాకన్నా బాగా తెలిసినవాళ్లు మీ తాలూకాలోనే ఉన్నారు.

ఒకవేళ మీకు పెన్షన్ ఉన్న పెద్దలో, ఇంకో ఆదాయమో ఉండి, అప్పు లేకుండా వేయగలిగితే ఇరవై గుంటలైనా వేయండి. వాయిదా లేకపోతే కిలో ఖర్చు, షీటు డబ్బు పక్కన పెట్టినా, కూలీలతో 41కి దిగుతుంది. ఇంటివాళ్లతో అయితే 26. ఆ అంకెతో చెడ్డ ఏడాది కూడా దాటేయొచ్చు. మా చుట్టుపక్కల పదేళ్లు దాటి నిలబడిన షెడ్లు దాదాపు అన్నీ అలాంటివే. ఖాళీ పైపులు తుప్పు పడుతూ నిలబడ్డవి అప్పుతో పెద్దగా వేసినవి.

మీ బోరు లోతు, ఎన్ని ఇంచుల నీళ్లు వస్తున్నాయి, నీళ్ల పరీక్షలో ఈసీ, బైకార్బనేట్ ఎంత, కాంట్రాక్టరు ఇచ్చిన కొటేషన్‌లో పైపు మందం ఎంత రాశాడు, ఇవి రాయండి. మీ అంకెలతోనే మళ్లీ లెక్క వేసి ఇస్తాను. వచ్చే నెల మొదటి వారంలో నా పాత పంట పీకేస్తున్నాను. అప్పుడు నాన్నగారిని కూడా తీసుకుని రండి. వేళ్లు ఎలా ఉంటాయో, బెడ్డు ఎలా తయారు చేస్తామో చూపిస్తాను, పన్నెండేళ్ల పట్టీలు కూడా ముందు పెడతాను. ఉదయం తొమ్మిది లోపు వస్తే మంచిది, తర్వాత షెడ్డులో నిలబడలేం.